గో అండ్ కమ్

రెండువేల సంవత్సరం ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా నేను వారానికి నాలుగు రోజులు బేస్‌బాల్ చదివాను. చూశాను అనడం లేదు, చదివాను అనే అంటున్నాను. సింగపూర్ రాఫెల్స్ ప్లేస్‌లో మా ఆఫీసు, పద్దెనిమిదో అంతస్తులో. పొద్దున ఏడున్నరకి కంప్యూటర్ ముందు కూర్చుంటే, ఒక చాట్ రూములో ఎవరో అమెరికా వాళ్ళు తమ ఊరి జట్టు ఆట చూస్తూ కబుర్లు రాసుకుంటూ ఉండేవాళ్ళు. ఆ కబుర్లు చదవడం నా ఉద్యోగంలో భాగం. నవ్వకండి, జీతం ఇచ్చేవాళ్ళే నవ్వలేదు.

మా క్లయింటు అమెరికాలో ఒక సముద్రతీరపు ఊళ్ళో ఉన్న బీమా కంపెనీ. వాళ్ళకి రాత్రయితే మాకు పొద్దున. ఆ వేళలో వాళ్ళ సిస్టమ్స్‌ని కనిపెట్టుకుని ఉండటం మా పని. మా టీమ్ లీడ్ సీతారామారావు గారు ఒక రోజు నన్ను పిలిచారు.

"సత్యవాణీ, వాళ్ళ జనమంతా ఆ ఆట చాట్‌లోనే పడి ఉంటున్నారమ్మా. ఫోన్ చేస్తే ఎత్తరు, అక్కడ అడిగితే వెంటనే చెప్తారు. నువ్వూ అందులో కూర్చో. ఆట రాకపోయినా పర్లేదు, గెలిస్తే బాగుందను."

"ఎవరు గెలిచారో నాకెట్టా తెలుస్తుంది సార్?"

"అందరూ సంతోషంగా ఉంటే మనవాళ్ళే గెలిచినట్టు," అన్నారాయన.

జట్టు పేరు హెరాన్స్. ఇంట్లో నేను కొంగల జట్టు అనేదాన్ని. ఆ ఆట ఎంత నెమ్మదంటే, బంతి విసిరేవాడు ముందు టోపీ సర్దుకుంటాడట, ఉమ్ముతాడట, ఆలోచిస్తాడట. ఆ సందులో చాట్‌లో వాళ్ళంతా సముద్రం గురించి మాట్లాడుకునేవాళ్ళు. శనివారం ఏ బీచ్‌కి వెళ్ళాలి, మడత కుర్చీ ఏది మంచిది, పీతలు ఎక్కడ బాగా దొరుకుతాయి, ఎండలో నిద్ర పట్టాలంటే మొహం మీద ఏం కప్పుకోవాలి. ఎవరైనా బంతిని గట్టిగా కొడితే ఒక నిమిషం సందడి, మళ్ళీ కుర్చీలు, పీతలు. అటువైపు నాతో పనిచేసే డెనీస్ అనే ఆవిడ ఒకసారి, "మాకు ఆట వంక మాత్రమే, అసలు సంగతి విశ్రాంతి," అని రాసింది. చదివి నాకు ఈర్ష్య కలిగింది. బాపట్ల దగ్గర పుట్టి, నాలుగు వైపులా నీళ్ళున్న దేశంలో బతుకుతూ, నేను ఇసుక మీద కాలు పెట్టి రెండేళ్ళయింది.

ఏప్రిల్ నెలాఖరులో అనుకుంటాను, ఆ చాట్‌లో ఎంప్టీచెయిర్ అనే పేరు కనిపించడం మొదలైంది. ఖాళీ కుర్చీ అన్నమాట. ఆట గురించి ఒక్క ముక్క రాసేవాడు కాదు. "ఇక్కడ ఇసుక పదింటిదాకా తడిగానే ఉంటుంది." "ఈ రోజు నీళ్ళు బూడిదరంగు." "ఊరికే కూర్చోవడం నేర్చుకోవాలి, మొదటి వారమే కష్టం." అతనంటే అందరికీ ఇష్టం. ఆట అయ్యాక తక్కినవాళ్ళు బై అని వెళ్ళిపోతే, అతను మాత్రం "ఐ విల్ గో అండ్ కమ్" అని రాసి వెళ్ళేవాడు. వాళ్ళు పడీ పడీ నవ్వేవాళ్ళు. "వెళ్తావా, వస్తావా, ఏదో ఒకటి తేల్చుకో," అని ఆటపట్టించేవాళ్ళు.

నాకు నవ్వు రాలేదు. వెళ్ళొస్తా అనే మాటని మక్కికి మక్కి ఇంగ్లీషులోకి దించేవాడు మనవాడే అయి ఉండాలి, తెలుగువాడో తమిళుడో. మా అత్తగారు భానుమతి గారికి ఈ విషయంలో రెండు నియమాలు. ఇంట్లోంచి బయటికి వెళ్ళేవాళ్ళు "వెళ్తున్నా" అనకూడదు, "వెళ్ళొస్తా" అనాలి. చావు జరిగిన ఇంటికి పలకరింపుకి వెళ్ళినప్పుడు మాత్రం ఆ మాట అనకూడదు, ఏమీ చెప్పకుండా లేచి రావాలి. సింగపూర్ వచ్చిన ఆరేళ్ళలో మా ఇంట్లో పూజలు తగ్గాయి కానీ ఈ రెండూ తప్పలేదు. హౌగాంగ్‌లో మా బ్లాకు కింద రోజూ పొద్దున ఆరున్నరకి పాప ఉజ్వలని స్కూలు బస్సు ఎక్కించేవాళ్ళం. తర్వాత బస్‌స్టాప్‌లో మా ఆయన ఉపేంద్ర, "వెళ్ళొస్తా వాణీ," అనేవాడు. "వెళ్ళి రండి," అనేదాన్ని. అతని బస్సు వేరు, నా బస్సు వేరు.

ఉపేంద్ర ఆ ఫిబ్రవరిలోనే బ్యాంకు ఉద్యోగం మానేసి, ఇంటర్నెట్‌లో చేపలమ్మే కంపెనీలో చేరాడు. ఇప్పుడు చెప్తే పిచ్చిలా ఉంటుంది. అప్పుడు అందరూ అతన్నే తెలివైనవాడన్నారు, మొట్టమొదట అన్నది నేను. బ్యాంకులో ఇంకో ఏడాది ఉంటానని అతను నసుగుతుంటే, "మీ ఈడువాళ్ళంతా ఎక్కడికో పోతున్నారు, మీరు మాత్రం ఆ కుర్చీని పట్టుకుని వేలాడండి," అని దెప్పిందీ నేనే.

మే నెలలో ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర ఈ ఖాళీ కుర్చీ సంగతి చెప్పాను. ఉపేంద్ర పప్పు కలుపుకుంటూ వింటున్నాడు.

"ఎక్కడి బీచ్ అంటాడు?" అని అడిగాడు.

"ఊరు చెప్పడండీ. ఎదురుగా నీళ్ళకి అవతల వేరే దేశం కనపడుద్దంట. పొగ గొట్టాలంట."

ఉపేంద్ర చెయ్యి ఆగింది. "ఇంకేమంటాడు?"

"ఊరికే కూర్చోవడం నేర్చుకోవాలంట. అదేదో పెద్ద చదువైనట్టు."

"కష్టమేలే," అన్నాడు.

ఏడేళ్ళ ఉజ్వల అప్పుడే గుమ్మం దగ్గర తన చెప్పులు వెతుక్కుంటూ, "నాన్నా, యువర్ షూస్ గాట్ శాండ్ లా. మై సాక్స్ ఆల్సో డర్టీ నౌ," అంది. ఆఫీసు పక్కన రోడ్డు తవ్వుతున్నారు అన్నాడు. నేను నమ్మాను. నిజం చెప్పాలంటే, నమ్మడం సులువు కనుక నమ్మాను.

జూన్‌లో ఒకసారి నేనూ ఉపేంద్రా సెరంగూన్ రోడ్డులో కూరగాయలు కొంటుంటే కొండయ్య కనిపించాడు. కరీంనగర్ వైపు మనిషి, పుంగ్గోల్‌లో కడుతున్న కొత్త ఫ్లాట్ల దగ్గర పని. అతనికి వచ్చే ఇంగ్లీషు కాగితాలు ఉపేంద్రే చదివిపెట్టేవాడు.

"సారూ, మొన్న మిమ్ముల మా సైటు కాడ చూసిన," అన్నాడు కొండయ్య. "సముద్రం ఒడ్డుకు కూసుంటరు గద రోజు. పిలుద్దామంటె మా సూపర్‌వైజర్ ఉండె."

"నేను కాదయ్యా. ఎవర్నో చూసుంటావు," అన్నాడు ఉపేంద్ర.

"అట్లనా. అచ్చం మీలెక్కనే ఉన్నడు. టై గూడ కట్టుకున్నడు. పక్కపొంటి ఇంకొకాయన కూసుండె, గాయన మొకమైతె సక్కగ కానరాలె."

ఉపేంద్ర బెండకాయలు ఏరడంలో పడ్డాడు. ఒక్కొక్క బెండకాయ తొడిమ విరిచి చూస్తున్నాడు. అంత శ్రద్ధగా కూరగాయలు ఏరడం నేనెప్పుడూ చూడలేదు.

జులై వచ్చేసరికి చాట్‌లో ఖాళీ కుర్చీ మాటలు మారాయి. "రోజూ ఒక అడుగు ముందుకి జరుగుతున్నాను. సముద్రం ఏమీ అనడం లేదు," అని రాశాడు ఒక రోజు. వాళ్ళు సరదాగా తీసుకుని, కుర్చీ కాళ్ళు తుప్పు పడతాయి జాగ్రత్త అన్నారు. ఇంకో రోజు ఎవరో బీచ్‌లో సామాను ఎక్కడ దాచాలో అడిగితే, అతను రాశాడు: "మేజోళ్ళు బూట్లలో పెడతాను. వాచీ ఎడమ బూటులో. దొంగ ముందు కుడిదే చూస్తాడు."

నేను ఆ వాక్యాన్ని మళ్ళీ మళ్ళీ చదివాను. పెళ్ళయిన కొత్తలో బాపట్ల సముద్రానికి వెళ్ళినప్పుడు ఉపేంద్ర వాచీ తీసి ఎడమ బూటులో పెడుతూ అచ్చం ఈ మాటే అన్నాడు. నేను కడుపుబ్బ నవ్వాను కూడా. ఈ లోకంలో ఇంకెవరైనా అంటారా ఆ మాట?

ఫోన్ తీసి అతని ఆఫీసుకి చేశాను. ఈ నంబరు వాడుకలో లేదు అంది రికార్డు చేసిన ఆడగొంతు. మధ్యాహ్నం భోజనం మానేసి వెళ్ళి చూశాను. కింద కాఫీ షాపు, పైన చేపల కంపెనీ ఉండాల్సిన చోట షట్టరు, దాని మీద అద్దెకివ్వబడును అనే కాగితం. ఎప్పుడు మూశారని కాఫీ షాపు ముసలాయన్ని అడిగితే, ఏప్రిల్ అని నాలుగు వేళ్ళు చూపించాడు.

ఇక్కడే నేను చేసిన తప్పు ఉంది. ఇరవై ఏళ్ళు దాటినా దాన్ని తలుచుకుంటే ఒళ్ళు చల్లబడుతుంది. ఆ సాయంత్రం ఉపేంద్ర పాప కోసం ఉడికించిన మొక్కజొన్న కప్పు పట్టుకుని, టై వదులు చేసుకుంటూ, నవ్వుతూ వచ్చాడు. ఆ నవ్వు చూసి అడగలేకపోయాను. పైగా నాకో తెలివైన ఆలోచన వచ్చింది. మొహం మీద చెప్పలేక ఈ మనిషి ఏదో ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని, నేను చదువుతానని తెలిసే అక్కడ రాస్తున్నాడు. నేనే కదా ఆ చాట్ సంగతి చెప్పింది. సరే, అతను ఎంచుకున్న దారిలోనే జవాబు చెప్తాను, ఇంట్లో పరువు తీయడం ఎందుకు అనుకున్నాను. ఖాళీ కుర్చీ చాట్‌లోకి వచ్చింది ఏప్రిల్‌లో, నేను ఉపేంద్రకి చెప్పింది మే నెలలో. ఆ లెక్క కూడా చూసుకోలేదు.

అప్పట్నుంచి ఆట సాగుతున్నంతసేపూ నేను ఖాళీ కుర్చీతో మాట్లాడాను. "కూర్చోండి. తొందరేం లేదు," అని రాశాను. "ఎవరూ ఏమీ అనుకోరు. మీకు ఎన్ని రోజులు కావాలంటే అన్ని రోజులు విశ్రాంతి తీసుకోండి," అని రాశాను. "ఇంట్లోవాళ్ళకి మీరుంటే చాలు," అని కూడా రాశాను. ఏ భార్యా భర్తకి ఎదురుగా చెప్పనంత మెత్తగా చెప్పాను. ఇంట్లో మాత్రం కరెంటు బిల్లు, పాప లెక్కల పరీక్ష, ఎప్పటిలాగే.

ఒక రోజు అతను, "అయితే ఇంకొంచెం దగ్గరికి జరుగుతాను," అన్నాడు.

"జరగండి," అన్నాను. నా దగ్గరికి అనుకున్నాను.

ఆగస్టు వచ్చింది. చైనావాళ్ళ ఏడో నెల. మా బ్లాకు కింద ఇనప డబ్బాల్లో కాగితాలు తగలబెడుతున్నారు, మెట్ల మీద నారింజపళ్ళు, అన్నం గిన్నెలు పెడుతున్నారు. పోయినవాళ్ళు ఆ నెలంతా ఆకలితో తిరుగుతారని వాళ్ళ నమ్మకం. పక్క ఫ్లాట్ ఆంటీ లిఫ్టులో నా చెయ్యి పట్టుకుంది. "యువర్ హజ్బెండ్ ఎవ్రీడే టేక్ బస్ టు పుంగ్గోల్, ఐ సీ. సెవెన్త్ మంత్, సీ సైడ్ డోంట్ గో. వార్ టైమ్, దట్ బీచ్, మెనీ పీపుల్ డై. జపనీస్ షూట్." ఇంటర్నెట్ సెంటర్ పుంగ్గోల్‌లో ఎక్కడుందా అని ఒక్క క్షణం అనుమానం వచ్చింది. ఆమె దిగిపోయింది, నేను బస్సు కోసం పరిగెత్తాను.

ఆ వారంలోనే ఖాళీ కుర్చీ రాశాడు: "ఇప్పుడు నేనొక్కణ్ణే కాదు. పక్కన కూర్చునేవాళ్ళు ఎక్కువయ్యారు. వాళ్ళూ బూట్లు విప్పేశారు. వాళ్ళకి స్కోరు తెలియదు, నేనే చెప్తున్నాను." డెనీస్ "బాగుంది, అభిమానులు పెరుగుతున్నారు," అంది. ఈ రాత్రి ఉపేంద్రని అడిగేయాలి అనుకున్నాను. అడగలేదు.

మర్నాడు పొద్దున బస్‌స్టాప్‌లో ఉపేంద్ర బస్సు ముందొచ్చింది. ఎక్కాడు. కిటికీ పక్కన కూర్చున్నాడు. బస్సు కదిలాక గుర్తొచ్చింది, అతను ఏమీ అనలేదు. నిద్రమత్తులో ఉన్నాడేమో అనుకున్నాను.

ఆఫీసులో కొంగల జట్టు బ్రహ్మాండంగా ఆడుతున్నట్టుంది, చాట్ అంతా గోలగోలగా ఉంది. తొమ్మిదిన్నర దాటాక ఆ గోల మధ్యలో ఒక వాక్యం వచ్చింది.

"టుడే ఐ విల్ గో."

"అండ్ కమ్?" అని ఎవరో రాశారు. నవ్వు బొమ్మలు నాలుగైదు పడ్డాయి.

"ఓన్లీ గో," అన్నాడు ఖాళీ కుర్చీ. పేరు జాబితాలోంచి మాయమైంది.

నేను లేచాను. బ్యాగు తీసుకున్నానో లేదో గుర్తు లేదు. సీతారామారావు గారు, "ఏమ్మా, సిస్టమ్ పడిందా?" అని అడగడం గుర్తుంది. ఉపేంద్ర సెల్‌ఫోన్‌కి చేస్తే మోగలేదు. టాక్సీ అంకుల్, "పుంగ్గోల్ బీచ్? సెవెన్త్ మంత్ లా, మేడమ్," అన్నాడు గానీ నా మొహం చూసి ఇంకేమీ అనకుండా పోనిచ్చాడు. సగం లేచిన ఫ్లాట్లు, క్రేన్లు, ఎర్రమట్టి దాటాక రోడ్డు అయిపోయింది. అక్కణ్ణించి నడిచాను.

బూట్లు ముందు కనిపించాయి. ముందుభాగం సముద్రం వైపు, పక్కపక్కన, పాలిష్ చేసి ఉన్నాయి. వంగి చూశాను. వాచీ ఎడమదానిలో ఉంది. బూట్ల పక్కన ఇసుకలో మనిషి కూర్చున్న గుంట ఒకటి ఉంది. దాని పక్కన ఇంకొకటి, ఆ పక్కన మరొకటి. వరసగా ఏడో ఎనిమిదో ఉన్నాయి, అన్నీ సముద్రం వైపు తిరిగి. అక్కడికి వచ్చిన అడుగులు మాత్రం ఒక్క మనిషివే.

ఉపేంద్ర నీళ్ళలో ఛాతీ లోతున నిలబడి ఉన్నాడు. చొక్కా, టై అలాగే ఉన్నాయి. ఎదురుగా, నీళ్ళకి అవతల మలేషియాలో, జోహోర్ పొగ గొట్టాలు. నీళ్ళు బూడిదరంగులో, అల లేకుండా ఉన్నాయి. నీళ్ళ అంచుదాకా వెళ్ళి అన్నాను.

"ఏవండీ. వెళ్ళొస్తానని చెప్పలేదు మీరు."

అతను చాలాసేపు కదల్లేదు. తర్వాత తల తిప్పాడు.

"మర్చిపోయాను వాణీ."

"అయితే ఇట్టా వచ్చి, చెప్పి వెళ్ళండి."

అతను రెండు వైపులా చూశాడు, పక్కన ఎవరో ఉంటే అనుమతి అడిగినట్టు. తర్వాత మెల్లగా నావైపు నడవడం మొదలుపెట్టాడు. ఎక్కడినుంచి చూశాడో కొండయ్య, తలమీద హెల్మెట్‌తో, బూట్లతోనే నీళ్ళలోకి దిగి అతని రెక్క పట్టుకున్నాడు. ఒడ్డుకి చేరాక ఉపేంద్ర ఇసుకలో కూర్చుని వణికాడు. కొండయ్య తన చొక్కా విప్పి కప్పి, నావైపు చూసి చిన్నగా అన్నాడు.

"అక్కా, రోజు చూస్తనే ఉన్న. ఇంతమంది తోడున్నరు గదా, సారుకు ఏం రంది అనుకున్న."

"ఎంతమంది కొండయ్యా?"

అతను ఇసుకలో గుంటల వైపు చూసి, హెల్మెట్ తీసి చేతిలో పట్టుకున్నాడు.

ఇంటికి వచ్చాక వేడినీళ్ళు పెట్టాను. పాప స్కూలు నుంచి రావడానికి ఇంకా గంట టైముంది. ఉపేంద్ర తువ్వాలు కప్పుకుని వంటింటి గడప మీద కూర్చున్నాడు. నాకు అప్పుడు ఏడుపు వచ్చింది.

"రోజూ చెప్పాను కదండీ," అన్నాను. "తొందరేం లేదని చెప్పాను. మీరుంటే చాలని చెప్పాను. అయినా ఎట్టా చెయ్యబుద్ధేసింది మీకు?"

"ఎప్పుడు చెప్పావు?"

"చాట్‌లో."

"ఏ చాట్?"

అతని మొహం చూశాను. అబద్ధమాడే మొహం కాదది. నాలుగు నెలలుగా అబద్ధమాడుతున్న మొహాన్ని రోజూ చూశాను కదా, తేడా తెలుస్తుంది.

"ఆ కొంగల ఆటా?" అన్నాడు. "నువ్వు భోజనాల దగ్గర చెప్పడమే కదా. నేను ఏడింటికల్లా ఆ ఒడ్డున ఉండేవాణ్ణి. అక్కడ కంప్యూటర్ ఎక్కడుంటుంది వాణీ?" నేలకేసి చూస్తూ అన్నాడు. "నువ్వు ఒక్కసారి అడిగితే చెప్పేద్దామని రోజూ అనుకునేవాణ్ణి."

నేను అతని పక్కన గడప మీద కూలబడ్డాను. నా మొగుడికి చెప్పాల్సినవన్నీ చెప్పాను, ఒక్క మాట దాచుకోకుండా. అతనికి తప్ప. దగ్గరికి జరగమని నేనెవరితో అన్నాను? ఆ రోజు మొదటిసారి అవన్నీ అతనికి నోటితో చెప్పాను. చాట్‌లో రాసినంత అందంగా రాలేదు, ఏడుపు మధ్యలో మాటలు తప్పాయి. ఉపేంద్ర వింటూ నా కొంగు చివర పట్టుకుని కూర్చున్నాడు.

తర్వాతి వారం డెనీస్‌ని అడిగాను, ఎంప్టీచెయిర్ ఎవరో మీకు తెలుసా అని.

"నీకు తెలియదా?" అని రాసింది డెనీస్. "నువ్వు లోపలికి వచ్చాకే వచ్చేవాడు, నువ్వు లేని రోజు ఎప్పుడూ రాలేదు. నీ పక్క సీట్లో కూర్చునే మనిషి అనుకున్నాం మేమంతా."

నా పక్క సీటు జనవరి నుంచి ఖాళీ. అక్కడ కుర్చీ మాత్రమే ఉంది. ఆ మధ్యాహ్నం సీతారామారావు గారికి చెప్పి దాన్ని తీయించేశాను. కారణం అడిగితే, దారికి అడ్డంగా ఉందన్నాను.

సెప్టెంబరు నెలాఖరు. హెరాన్స్ ఆఖరి ఆట. ఓడిపోయినట్టున్నారు, ఎవరూ సంతోషంగా లేరు. ఉపేంద్ర అప్పటికి ఒక పాలిటెక్నిక్‌లో పిల్లలకి పాఠాలు చెప్పే పనికి అర్జీ పెట్టాడు, ఆ పొద్దునే బస్‌స్టాప్‌లో "వెళ్ళొస్తా" అన్నాడు. చాట్‌లో అందరూ వచ్చే వసంతం దాకా సెలవని చెప్పుకుంటున్నారు, చివరిసారి బీచ్‌కి ఎప్పుడు వెళ్ళాలో మాట్లాడుకుంటున్నారు. ఒక్కొక్క పేరూ జాబితాలోంచి వెళ్ళిపోయింది. చివరికి రెండు పేర్లే మిగిలాయి. ఒకటి నాది. రెండోది ఎంప్టీచెయిర్.

అతను ఏమీ రాయడం లేదు. ఊరికే ఉన్నాడు. భయం వేసింది, ఆ భయం లోపల కృతజ్ఞత కూడా ఉంది. ఆ రోజు అతను చెప్పకపోతే నాకు తెలిసేది కాదు. అతను ఉపేంద్రని తన దగ్గరికి పిలిచాడో, నాకు అప్పగించాడో ఇప్పటికీ తెలియదు. ఏదో ఒకటి చెప్పి లేవాలనిపించింది. "ఐ విల్ గో అండ్ కమ్" అని టైపు చేశాను.

పంపబోతుంటే అత్తగారి రెండో నియమం, చావు ఇంటిది, గుర్తొచ్చింది.

ఒక్కొక్క అక్షరమే వెనక్కి చెరిపేశాను. ఏమీ చెప్పకుండా లేచి వచ్చేశాను.